ఆకుకూర కడగనీకి అంగట్ల మంచి నీళ్లు పెట్టరా?

ఎడిటర్ గారికి నమస్తే,

వానలు మొదలైన కాడికెల్లి ఏ గల్లీల చూసినా మోషన్స్, కడుపునొప్పి ముచ్చటే. కాచి చల్లార్చిన నీళ్లు తాగుమని అందరు చెప్తున్నరు, మంచిదే, తాగుతనే ఉన్నం, కానీ ఆకుకూరల సంగతి మాత్రం ఎవ్వరూ ఎత్తుతలేరు.

తెల్లారంగ హన్మకొండల ఆకుకూరలు దిగే జాగకు పోయి నిలబడి చూడుండ్రి. ఊర్లకెల్లి ఆటోలల్ల పాలకూర, పుదీనా, కొత్తిమీర మూటలు వస్తయి, ఏర్లకు మట్టి ఉంటది కాబట్టి మోరి పక్కన తొట్టిలనో గుంతలనో ఒక్కో కట్ట ముంచి జాడిస్తరు, ఆ నీళ్లు అప్పటికే చాయ్ రంగుకొచ్చి ఉంటయి, మళ్ల అవే నీళ్లు మగ్గుతోని గోనెసంచి మీద చల్లుకుంట కూర్చుంటరు. అమ్ముకునే అక్కలను అనేదేం లేదు, అక్కడ నల్లా ఉంటే కదా కడిగేది, వాళ్లకు బాత్రూమే దిక్కులేదు.

అసొంటి నీళ్లల్ల మనిషి మలం కలిస్తే అమీబా, జియార్డియా అనే కంటికి కనబడని క్రిములు, నులిపురుగుల గుడ్లు అన్నీ కూరకు అంటుకొని ఇంటికొస్తయి. పంది మాంసంతోని వచ్చే టేప్‌వార్మ్ (బద్దెపురుగు) గుడ్లయితే ఇంకా డేంజర్, కడుపులకు పోయి మెదడు దాక ఎక్కి ఫిట్స్ తెస్తయి, పంది మాంసం జన్మల ముట్టనోళ్లకు సుత వస్తది.

2013ల అమెరికాల సైక్లోస్పోరా అనే పరాన్నజీవితోని మస్తు మందికి మోషన్స్ పట్టుకున్నయి. టెక్సాస్‌ల కొందరు ఏం తిన్నరో ఆరా తీస్తే మెక్సికోల ప్యూబ్లా నుంచి వచ్చిన కొత్తిమీర కాడ తేలింది. అమెరికా ఆఫీసర్లు ఇంట్ల ఆడోళ్లు సరిగ్గ కడుగలేదని ఊకోలే, తోటల దాక పోయిండ్రు, కొన్నిట్ల మనుషుల మలం కనబడ్డది, ఏటా ఏప్రిల్ నుంచి ఆగస్టు దాక ఆ కొత్తిమీరను దేశంలకు రానియ్యకుండ ఆపాలని 2015ల రూల్ పెట్టిండ్రు. ఈ సైక్లోస్పోరా తిన్న వారానికి గానీ బయటపడదు, అప్పటికి ఏం తిన్నమో ఎవరికి యాదుంటది! మామూలు మోషన్ టెస్టుల దొరకది, డాక్టరు దానికోసమని వేరే రాస్తెనే తెలుస్తది. క్లోరిన్‌కు చావది, స్కూళ్లల్ల ఇచ్చే నులిపురుగుల గోలీ సుత దీనికి పనిచెయ్యది.

ఉప్పు నీళ్లు, వెనిగర్ మీద పెద్దగ ఆశ పెట్టుకోవద్దు. కట్ట విప్పి ధార కింద ఆకాకు కడిగితే కొంత పోతది, మొత్తం పోదు, నమ్మకంగ చంపేది పొయ్యి మంటనే. అందుకే కొత్తిమీర చారు దించినంక కాదు, మరిగేటప్పుడే వెయ్యాలె, వాసన కొంచెం తగ్గుతది, తగ్గనీ. పుదీనా పచ్చడికి బాగ మగ్గబెట్టి నూరాలె, కీరను కడిగినంకనే పొట్టు తియ్యాలె. బజ్జీల బండి కాడ పైన చల్లే కొత్తిమీర, ఉల్లిగడ్డ వద్దనాలె (మా ఇంట్ల పిల్లలు ఈ ఒక్కటి ఇనరు).

కానీ ఇదంతా మనం ఇంట్ల చేసుకునేది. అంగళ్లను వేలం పాట పెట్టి కార్పొరేషనోళ్లు పైసలు తీసుకుంటరు కదా, అండ్లకెల్లి ఆకుకూర దిగే ప్రతి జాగల ఒక బోరు నల్లా, కడిగే గట్టు, అమ్మేటోళ్లకు బాత్రూం కట్టియ్యొచ్చు, తోటలకు మోరి నీళ్లు పారిస్తున్నరా లేదా పోయి చూడొచ్చు. అప్పటిదాక ఈ వానాకాలానికి మంచినీళ్ల ట్యాంకర్ అన్న పంపుండ్రి, అది సుత పొద్దుగాల నాలుగింటికే రావాలె, ఎండెక్కినంక వస్తే లాభం లేదు, అప్పటికి కూరంతా అమ్ముడుపోతది.

– ఒక పాఠకుడు, హన్మకొండ