కొత్త షెల్టర్లలో నడవలేని కుక్కలకూ ఒక వార్డు కట్టించండి: పశుసంవర్ధక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ పశుసంవర్ధక శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

2025 నవంబర్ 7న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం మీకు తెలియనిది కాదు. బడులు, ఆసుపత్రులు, ఆటస్థలాలు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లలో తిరిగే కుక్కలను పట్టుకోవాలి. వాటికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలి, టీకా వేయాలి. తర్వాత అక్కడే వదలకుండా షెల్టర్లలో ఉంచాలి. ఈ ఆదేశం మంచిదా కాదా అన్న వాదనలోకి నేను వెళ్ళడం లేదు. ఆ షెల్టర్లలోకి ఎలాంటి కుక్కలు రాబోతున్నాయో మీకు చెప్పాలని ఈ లేఖ రాస్తున్నాను.

నేను హనుమకొండలో ఉంటాను. దెబ్బ తగిలిన, జబ్బు చేసిన వీధి కుక్కలను ఇంటికి తెచ్చి చూసుకుంటాను. మా ఇంట్లో ఇప్పుడున్న వాటిలో నడుము విరిగినది ఉంది, రెండు కళ్ళూ పోయినది ఉంది, మూడు కాళ్ళది ఉంది, మూర్ఛ వచ్చేది ఉంది. ఇవన్నీ ఎక్కడ దొరికాయంటే, కాజీపేట జంక్షన్ పరిసరాల్లో, బస్టాండుల దగ్గర, ఆసుపత్రుల గేట్ల దగ్గర. దానికి కారణం ఉంది. కాళ్ళు బాగున్న కుక్క నాలుగు వీధులు తిరిగి తిండి వెతుక్కుంటుంది, వేరే గుంపు తరిమితే పారిపోతుంది. కుంటిది, గుడ్డిది, ముసలిది అలా చేయలేవు. అందుకే అవి మనుషులు ఎప్పుడూ ఉండే చోటు చూసుకుని, టీ కొట్టు పక్కనో ప్లాట్‌ఫారం చివరో ఉండిపోతాయి. కోర్టు చెప్పిన జాబితాలో ఉన్నవి సరిగ్గా ఆ చోట్లే. అంటే మీరు కట్టించబోయే షెల్టర్లలోకి ముందుగా, తేలికగా దొరికిపోయి వచ్చేవి ఇవే. ఆరోగ్యంగా ఉన్న కుక్కను పట్టడానికి వల కావాలి, నలుగురు మనుషులు కావాలి. నడవలేని దాన్ని ఎత్తి బండిలో వేస్తే సరిపోతుంది.

వచ్చాక వాటికి ఏం జరుగుతుంది? ఇప్పటిదాకా మన పద్ధతి అంతా ఆరోగ్యంగా ఉన్న కుక్కను దృష్టిలో పెట్టుకునే సాగింది. 2001లో వచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనలైనా, వాటి స్థానంలో 2023 మార్చిలో వచ్చిన కొత్త నిబంధనలైనా, ప్రధానంగా చెప్పేది ఒకటే: పట్టుకోండి, ఆపరేషన్ చేయండి, రేబిస్ టీకా వేయండి, ఎక్కడ పట్టారో అక్కడే వదలండి. ఆ పద్ధతి మంచిదే, నేను దాన్ని గట్టిగా సమర్థిస్తాను. కానీ వెనక కాళ్ళు చచ్చుబడిన కుక్కను పట్టిన చోటే వదిలితే అది రోడ్డు మీద వదిలినట్టే. షెల్టర్‌లో మిగతా వాటితో కలిపి వేస్తే తిండి గిన్నె దాకా కూడా చేరలేదు. పైగా ఈ పని రెండు శాఖల మధ్య పడిపోయింది. కుక్కలను పట్టడం మున్సిపాలిటీది, పంచాయతీది. వైద్యం మీ శాఖది. దెబ్బ తగిలిన కుక్క గురించి ఫోన్ చేస్తే ఇటువాళ్ళు అటు చెప్తారు, అటువాళ్ళు ఇటు చెప్తారు. ఈలోగా సమయం దాటిపోతుంది.

ఆ సమయం ఎంత ముఖ్యమో చెప్తాను. బండి గుద్ది వెన్నుపూస దెబ్బతిన్న కుక్కకు మొదటి ఒకటి రెండు రోజులు చాలా కీలకం. కాలి వేలిని గట్టిగా నొక్కితే దానికి నొప్పి తెలుస్తోందా అని డాక్టర్ చూస్తారు. తెలుస్తోందంటే మళ్ళీ నడిచే ఆశ బాగానే ఉన్నట్టు. కదలకుండా పలక మీద పడుకోబెట్టి తీసుకెళ్ళి, ఎక్స్‌రే తీసి, నొప్పికి మందిచ్చి, కొన్ని వారాలు కదలనివ్వకుండా ఉంచితే కొన్ని లేచి నిలబడతాయి. గోనెసంచిలో కుక్కి ఆటోలో తెస్తే, విరిగిన ఎముక వెన్నుపాములోకి ఇంకా దిగుతుంది. మన జిల్లాల్లో పశువుల ఆసుపత్రులు ఆవులు, గేదెలు, మేకల కోసం ఏర్పడినవి. రైతుకు అవే ముందు కావాలి, అందులో తప్పేమీ లేదు. గేదె ఈనలేక అవస్థ పడుతుంటే 1962 నంబరుకు ఫోన్ చేసి సంచార పశువైద్య వాహనాన్ని పిలిపించే ఏర్పాటు 2017 నుంచి మన రాష్ట్రంలో ఉంది. కానీ కుక్కకు ఎక్స్‌రే కావాలంటే చాలా ఊళ్ళ వాళ్ళు ప్రైవేటు క్లినిక్‌కైనా పోవాలి, హైదరాబాదుకైనా పోవాలి. వీధి కుక్క కోసం అంత దూరం ఎవరు పోతారు? పోయేవాళ్ళు ఉన్నారు, కానీ చేతిలో డబ్బు ఉన్నప్పుడే పోగలరు.

బతికిన తర్వాత వాటిని చూసుకోవడం గురించి ప్రభుత్వ కాగితాల్లో నాకు కనబడలేదు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. నడుము పోయిన కుక్కకు చాలాసార్లు మూత్రం దానంతట అది రాదు. రోజుకు మూడు నాలుగు సార్లు పొత్తికడుపును రెండు చేతులతో మెల్లగా నొక్కి తీయాలి. తీయకపోతే మూత్రసంచి ఉబ్బి, ఇన్‌ఫెక్షన్ వచ్చి, కిడ్నీల దాకా పోతుంది. నొక్కడం డాక్టర్ దగ్గర ఒకసారి నేర్చుకుంటే ఎవరైనా చేయగలరు. మా ఇంట్లో నడుము విరిగిన కుక్క చిన్నాకు మా అమ్మే చేస్తుంది. ఒకే వైపు పడుకుంటే తుంటి ఎముకల దగ్గర పుండ్లు పడతాయి, కాబట్టి కొన్ని గంటలకోసారి పక్క మార్చాలి. కింద మెత్తగా, పొడిగా ఉండాలి. తడిసిన గుడ్డ మీద ఒక రాత్రి ఉంటే చర్మం ఒరుసుకుపోతుంది, వానాకాలంలో ఆ పుండుకు ఈగ వాలి పురుగులు పడతాయి. ఎండాకాలం ఇంకో బాధ. మా వైపు మే నెలలో ఎండ ఎలా ఉంటుందో మీకు తెలుసు. నీడ జరిగిపోతే ఆరోగ్యంగా ఉన్న కుక్క లేచి పక్కకు పోతుంది. ఇది పోలేదు.

దానికి చక్రాల బండి కట్టొచ్చు. పీవీసీ పైపులు, చిన్నపిల్లల సైకిలు చక్రాలు, మెత్తటి బెల్టులు ఉంటే చాలు. మా వీధి చివర వెల్డింగ్ షాపు అతను చూసి చేసిపెట్టాడు. రోజంతా అందులో ఉంచకూడదు, పొద్దునా సాయంత్రం కాసేపు చాలు. బండి కట్టిన రోజు చిన్నా గేటు దాకా ఉరికిన తీరు చూసినవాళ్ళెవరూ ఆ కుక్క బతుకు వ్యర్థమని అనరు.

గుడ్డి కుక్కకు అంత పని కూడా ఉండదు. నీళ్ళ గిన్నె చోటు మార్చకుండా ఉంటే, ముట్టుకునే ముందు పిలిస్తే, కొద్ది రోజుల్లో ఇల్లంతా దానికి అర్థమైపోతుంది. మూడు కాళ్ళ దానికైతే బరువు పెరగకుండా చూసుకోవడమే అసలు జాగ్రత్త. మూర్ఛ ఉన్నదానికి ఫినోబార్బిటాల్ బిళ్ళలు రోజూ రెండు పూటలా ఒకే వేళకు పడాలి. ఉన్నట్టుండి ఆపేస్తే మూర్ఛలు ఒకదాని మీద ఒకటి వచ్చి ప్రాణం పోవచ్చు. ఆ మందు డాక్టర్ చీటీ లేకుండా ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. ప్రభుత్వ ఆసుపత్రిలో నెల నెలా ఇస్తే మాకు ఎంత టెన్షన్ తగ్గుతుందో చెప్పలేను.

మంత్రి గారూ, అన్నిటికంటే నన్ను ఎక్కువ భయపెడుతున్న విషయం ఇప్పుడు చెప్తాను. నవంబర్ ఆదేశానికి ముందు, 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు వీధి కుక్కలన్నిటి గురించి ఇచ్చిన ఆదేశంలో రేబిస్ ఉన్నవి, ఉందని అనుమానం ఉన్నవి, దూకుడుగా ఉండేవి తప్ప మిగతా వాటిని ఆపరేషన్, టీకా అయ్యాక వాటి చోట్లలో వదలమన్నారు. అది న్యాయమైన మాట. కానీ ఏది రేబిస్, ఏది దూకుడు అని నిర్ణయించేది ఎవరు? డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు మెదడుకు ఎక్కితే కుక్క దవడలు ఆడిస్తుంది, నురగ కారుస్తుంది, తూలుతుంది, ఫిట్స్ వస్తాయి. చూసినవాళ్ళు పిచ్చి కుక్క అని కర్రలు తీసుకుంటారు. డిస్టెంపర్ మనుషులకు అంటదు. చాలా కుక్కలు దానివల్ల చనిపోతాయి, నిజమే. బతికిన వాటిలో కొన్నిటికి కాలో తలో జీవితాంతం అదురుతూ ఉంటుంది. ఆ అదురుతోనే అవి తింటాయి, నిద్రపోతాయి, మనిషి పక్కకు వచ్చి కూర్చుంటాయి. రేబిస్ అనుమానం ఉన్నదాన్ని జాగ్రత్తగా విడిగా ఉంచాల్సిందే, అందులో రాజీ వద్దు. ఉంచి, డాక్టర్ చూసి చెప్పాలి. పట్టే బండి మీద పనిచేసే కుర్రాడు చెప్పకూడదు. అలాగే చెవుడు ఉన్న కుక్క. నిద్రలో ఉండగా వెనక నుంచి ముట్టుకుంటే అదిరిపడి నోరు వేస్తుంది. చెవుడు అని తెలియనివాళ్ళు దూకుడు కుక్క అని రాసేస్తారు. నేల మీద కాలు తట్టి, అది తల తిప్పి చూశాక చెయ్యి చాపితే అదే కుక్క తోక ఊపుతుంది. ఎవరి చేతుల్లోనో దెబ్బలు తిన్నవీ అంతే. చీపురు ఎత్తితే చాలు మూలకు పోయి పళ్ళు చూపిస్తాయి. కొత్త చోటికి వచ్చిన మొదటి కొన్ని రోజుల్లో వాటి స్వభావం తేల్చకూడదు. కొన్ని వారాలు, కొన్నిటికి నెలలు కావాలి.

జననాంగాల దగ్గర రక్తం కారే గడ్డతో తిరిగే కుక్కలను మీరూ చూసే ఉంటారు. జనం అసహ్యించుకుని తరిమే ఆ జబ్బు క్యాన్సరే అయినా, విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్ వారానికొకటి చొప్పున కొన్ని వారాలు చేస్తే చాలా వాటికి పూర్తిగా నయమవుతుంది. నయమయ్యే దాన్ని నయం కాని జబ్బుల లెక్కలో వేయకూడదు.

ఎందుకంటే నయం కాని జబ్బు ఉన్నవి, ప్రాణాంతకంగా గాయపడినవి అయితే, పరీక్షించి తేల్చాక నొప్పి లేకుండా ప్రాణం తీసే వీలు 2023 నిబంధనల్లో ఉంది. దాన్ని నేను వ్యతిరేకించడం లేదు. వెన్ను తునకలై నొప్పితో అరిచే కుక్కను చూసినవాళ్ళెవరూ వ్యతిరేకించరు. కానీ కాళ్ళు పడిపోవడం ప్రాణాంతకం కాదు, కళ్ళు పోవడం నయం కాని జబ్బు కాదు. షెల్టర్‌లో చోటు లేనప్పుడు ఈ తేడా చెరిగిపోతుందని నా భయం. అందుకని ఆ నిర్ణయం తీసుకున్న ప్రతిసారీ కారణం రాసి, డాక్టర్ సంతకం పెట్టి, అడిగినవాళ్ళకు చూపించాలని మీ శాఖ నుంచి ఒక ఉత్తర్వు ఇవ్వండి.

పిల్లల కంటే కుక్కలు ఎక్కువా అని అడిగేవాళ్ళు ఉంటారు. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ళ బాబును కుక్కలు చంపిన వీడియో చూసి నేనూ నిద్రపోలేదు. పిల్లల ప్రాణమే ముందు, ఆ విషయంలో నాకు రెండో మాట లేదు. నేను అడుగుతున్నది ఆ పిల్లల భద్రతకు అడ్డు వచ్చేది కాదు. వెనక కాళ్ళు ఈడ్చుకుంటూ పోయే కుక్క ఎవరినీ తరిమి కరవదు. దాన్ని రోడ్డు మీద నుంచి తీసి ఒక చోట పెట్టమనే నేనూ అంటున్నాను.

అడిగేవి పెద్దవి కావు. ప్రతి జిల్లా షెల్టర్‌లో అంగవైకల్యం ఉన్న వాటికి విడిగా ఒక వార్డు కావాలి, దాంట్లో పనిచేసేవాళ్ళకు మూత్రం తీయడం, పుండు కడగడం నేర్పాలి. షెల్టర్‌లోకి వచ్చే ప్రతి కుక్కకూ రేబిస్ టీకాతో పాటు డిస్టెంపర్‌కు, పార్వో అనే ఇంకో వైరస్ జబ్బుకు టీకా కూడా వేయాలి. కిక్కిరిసిన చోట ఈ రెండూ ఒకసారి మొదలైతే కుక్కపిల్లలు వరసగా పోతాయి. జిల్లా పశువైద్యశాలలో కుక్కలకు ఎక్స్‌రే తీసే వీలుండాలి. మాకు దగ్గర్లోనే మామునూరులో పశువైద్య కళాశాల ఉంది. అక్కడి విద్యార్థులను, ముఖ్యంగా ఇంటర్న్‌షిప్‌లో ఉన్నవాళ్ళను వారంలో కొన్ని రోజులు షెల్టర్‌కు పంపితే వాళ్ళకు చదువు, వీటికి వైద్యం రెండూ అవుతాయి.

ఇంకొకటి, నా దృష్టిలో ఇదే అన్నిటికంటే చవకైనది. ఎంత మంచి షెల్టర్‌లోనైనా నడుము పోయిన కుక్కకు రోజుకు నాలుగుసార్లు ఒక మనిషి చెయ్యి దొరకడం కష్టం. ఇంట్లో దొరుకుతుంది. ఇలాంటి కుక్కను ఇంట్లో పెట్టుకుంటామని ముందుకొచ్చే కుటుంబాలు మన ఊళ్ళల్లో ఉన్నాయి. చాలామంది మధ్యలో వెనక్కి ఇచ్చేది ప్రేమ లేక కాదు, మందుల ఖర్చు మోయలేక, అద్దె ఇంటి ఓనరు ఒప్పుకోక. వాళ్ళకు డబ్బు ఇవ్వమని అడగను. ప్రభుత్వ పశువైద్యశాలలో ఆ కుక్కకు వైద్యం, మందులు, టీకాలు ఉచితమని ఒక కార్డు ఇవ్వండి. ఈ కుక్క ప్రభుత్వ షెల్టర్ నుంచి పెంపకానికి వచ్చింది, దీనికి టీకాలు అయ్యాయి అని ఆ కార్డు మీద రాసి ఉంటే ఇంటి ఓనరుతో మాట్లాడటానికి కూడా ఒక ఆధారం ఉంటుంది.

చివరగా, షెల్టర్ల ప్లాన్లు ఖరారు చేసే ఇంజనీర్లకు ఒక మాట చెప్పించండి. ఈ వార్డులో నున్నటి టైల్స్ వేయొద్దు. కాళ్ళు బలహీనంగా ఉన్న కుక్క వాటి మీద లేవలేదు, జారి ఇంకా దెబ్బ తగిలించుకుంటుంది. గరుకు సిమెంటు నేల, దాని మీద కడగడానికి వీలుగా రబ్బరు మ్యాట్లు, నీళ్ళు నిలవకుండా కొంచెం వాలు, మెట్ల బదులు ర్యాంపు, మధ్యాహ్నం ఎండ పడే వైపు గోడ. ప్లాన్ దశలోనే చేరిస్తే వీటికి పెద్ద ఖర్చు అవ్వదు.

ఇట్లు,
హనుమకొండ నుంచి ఒక పౌరురాలు

నకలు: పురపాలక శాఖ మంత్రి గారికి