మోటారు టకటకలన్నీ రిపేర్లు కావు

సంపాదకులకు,

ఎలక్ట్రిక్ సైకిళ్ల గురించి పత్రికల్లో మైలేజీ, ధర, ఛార్జింగ్ సంగతులు చాలానే వస్తున్నాయి. కొన్నవాళ్లను మొదటి నెలలోనే కంగారుపెట్టేది మాత్రం మోటారు దగ్గర వచ్చే శబ్దం. అమ్మేచోట దాని ఊసే ఎత్తరు. దాంతో కొందరు బాగున్న మోటారును అనుమానించి డబ్బు తగలేస్తున్నారు. ఇంకొందరు నిజంగా చెడుతున్న మోటారును 'అన్నీ ఇలాగే మోగుతాయట' అని వదిలేస్తున్నారు. ఈ రెండోదే ఎక్కువ బాధ కలిగిస్తోంది.

కొండదారుల్లో తొక్కే ఎలక్ట్రిక్ మౌంటెన్ బైకులకు మోటారు పెడళ్ల దగ్గర, ఫ్రేములోనే ఉంటుంది. మన దగ్గర ఇవి తక్కువ. జర్మనీలో, అమెరికాలో ఉంటున్న మనవాళ్లు మాత్రం బాగానే కొంటున్నారు. బాష్ కంపెనీ నాలుగో తరం పెర్ఫార్మెన్స్ లైన్ సీఎక్స్, 2020లో వచ్చిన షిమానో కంపెనీ ఈపీ8, ఈ రెండూ 85 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) ఉన్న మంచి మోటార్లే. రాళ్ల దిగుడులో పెడళ్లు ఆపి వదిలేస్తే మాత్రం డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు మోగుతాయి.

కారణం లోపలి క్లచ్. ఐరోపాలో గంటకు 25 కిలోమీటర్లు దాటాక మోటారు సాయం ఆగిపోవాలి. ఆగాక దాని గేర్ల బరువు మన కాళ్ల మీద పడకూడదు. అందుకే క్రాంకుకూ (పెడలు బిగించే కడ్డీకి) మోటారు గేర్లకూ మధ్య ఒకవైపే పట్టే క్లచ్ పెడతారు. అది పట్టడానికీ వదలడానికీ కాస్త సందు కావాలి. తొక్కుతున్నంతసేపూ పళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి కాబట్టి చప్పుడుండదు. తొక్కడం ఆపాక వెనక సస్పెన్షన్ కుదుపుకు చైను లాగుతూ వదులుతూ ఉంటుంది. ఆ సందులో పళ్లు అటూ ఇటూ కొట్టుకుంటాయి. దీనివల్ల మోటారు ఆయుష్షు తగ్గదని బాష్ చెబుతోంది. 2024లో వచ్చిన అయిదో తరం సీఎక్స్‌లో ఈ చప్పుడు తగ్గేలా మార్పులు చేశారు.

పరీక్ష తేలిక. దిగుడులో మోగుతున్నప్పుడు పెడలు తొక్కి చైనుకు బిగువు తెప్పించండి. ఠక్కున ఆగిపోతే అది క్లచ్ సందే, విప్పించనక్కర్లేదు. తొక్కినా ఆగకపోతే మోటారును వదిలి చుట్టుపక్కల వెతకాలి. ముందు బండిని ఒక మెట్టు మీంచి దింపి వినండి, ఆపైన బ్యాటరీ తీసేసి అదే మెట్టు మీంచి మళ్లీ దింపండి. చప్పుడు పోతే దానికి కారణం బ్యాటరీయే. బ్యాటరీ లాక్ ప్లేటు సర్ది, ఆనుకునేచోట పలుచని రబ్బరు అతికిస్తే సరిపోతుంది. తర్వాత ఫ్రేము లోపలి బ్రేకు పైపు, కేబుళ్లు: వాటికి స్పాంజి తొడుగు వేయాలి. మోటారు కింది ప్లాస్టిక్ మూతలో చిన్న రాయి ఇరుక్కున్నా ఇంజను విరిగినంత చప్పుడొస్తుంది. అది విప్పి చూడటం అయిదు నిమిషాల పని.

ఎత్తు ఎక్కుతూ గట్టిగా తొక్కినప్పుడు కిర్రుకిర్రుమంటే అది వేరే జాతి. ఎక్కువసార్లు కారణం మోటారును ఫ్రేముకు బిగించే బోల్టులే. చేతి అంచనాతో ఇంకాస్త బిగించడం తప్పు. ఫ్రేము అల్యూమినియం, మర పోతే ఫ్రేమే పోతుంది. బోల్టులు పూర్తిగా తీసి, ఆనుకునే ముఖాల మీది ఇసుక తుడిచి, ఫ్రేము కంపెనీ చెప్పిన వరుసలో, చెప్పిన బిగువుకే టార్క్ రెంచితో (బిగువు కొలిచే పానాతో) బిగించాలి. ఆ అంకె ఒక్కో ఫ్రేముకు ఒక్కోలా ఉంటుంది. షిమానో ఎడమ క్రాంకు రెండు బోల్టులకూ 12 నుంచి 14 న్యూటన్ మీటర్లు. రెండింటినీ మార్చి మార్చి కొంచెం కొంచెంగా బిగించాలి. పెడలు మరకు గ్రీజు రాయకపోయినా ఇదే కిర్రు వస్తుంది.

ఇక అసలు ముప్పు. స్విచ్ ఆపి, చైనును పళ్లచక్రం మీంచి తప్పించి, క్రాంకును చేత్తో మెల్లగా తిప్పండి. వేళ్లకు ఇసుక నలిగినట్టు తగిలినా, క్రాంకును పక్కకు లాగితే బాగా ఊగినా బేరింగులోకి నీళ్లు వెళ్లి ఉండొచ్చు. ప్రెషర్ వాటర్ గొట్టాన్ని నేరుగా క్రాంకు మొదట్లో పట్టి కడగడం దీనికి పెద్ద కారణం. బకెట్టు నీళ్లు, బ్రష్షు చాలు. మోటారు సాయం పెంచేకొద్దీ పెరిగే గరగర కూడా ఆలస్యం చేయదగ్గది కాదు. వారంటీ ఉండగా లోపలికి చెయ్యి పెట్టకండి. ఫోన్‌ను ఫ్రేముకు కట్టి, తొక్కుతూ ఒకసారి, తొక్కడం ఆపి ఒకసారి రికార్డు చేసి తీసుకెళ్లండి. 'మోగుతోంది' అని నోటిమాటగా చెప్పేదానికంటే అది పదింతలు పనిచేస్తుంది.

మన ఊళ్లలో మౌంటెన్ బైకు ఆకారంలో అమ్మేవాటికి ఎక్కువగా 250 వాట్ల మోటారు వెనక చక్రం హబ్బులోనే (చక్రం నడిమి డబ్బాలోనే) ఉంటుంది. వాటి రోగం వేరు. గేర్లున్న హబ్బు లోపల సాధారణంగా మూడు నైలాన్ గేర్లుంటాయి. ఆగి ఉన్న బండిని ఇద్దరు ఎక్కి, తొక్కకుండా థ్రాటిల్ పూర్తిగా తిప్పి లేపితే ఆ పళ్లు అరుగుతాయి. మొదట గరగర వస్తుంది. తర్వాత మోటారు తిరుగుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది, చక్రం కదలదు. మూడు గేర్లూ కలిపే మార్చాలి. ఒక్కటే కొత్తది వేస్తే బరువంతా దాని మీదే పడి మళ్లీ పోతుంది. ప్లాస్టిక్‌ను తినని గ్రీజు పళ్లకు పలుచగా రాయాలి, తీగచుట్టల మీద పడకూడదు.

బండి లేచేటప్పుడు వెనక నుంచి ఒక్క 'టక్' వినిపిస్తే ఆ రోజు తొక్కడం ఆపేయండి. ఇరుసు నట్టు వదులై ఉండొచ్చు. ఇరుసే తిరిగిపోతే మోటారు తీగలు మెలిపడి తెగుతాయి, చక్రం ఫ్రేములోంచి ఊడొచ్చు కూడా. పంక్చరు వేసిన తర్వాతే ఇది ఎక్కువగా జరుగుతుంది, ఎందుకంటే ఇరుసు తిరగకుండా ఆపే నాలుక ఉన్న వాషరును తిరగేసి పెట్టేస్తారు. పంక్చరు షాపు నుంచి కదలకముందే ఆ నాలుక ఫ్రేము గాడిలో కూర్చుందో లేదో వంగి చూసుకోవాలి.

అమ్మకందారులను మేము కోరేది మూడు పనులు. ఏ చప్పుడు మామూలో అమ్మకముందే కొనేవాళ్లకు వినిపించండి. ఇరుసు నట్టు, క్రాంకు, మోటారు బోల్టుల బిగువు అంకెలను తెలుగులో ఒక కాగితం మీద ముద్రించి బిల్లుతోపాటు ఇవ్వండి. నైలాన్ గేర్ల సెట్టును విడిగా అమ్మండి. అది దొరక్క మోటారు మొత్తం మార్పించుకోవాల్సి రావడం కొన్నవాళ్లకు అన్యాయం.

ఇట్లు,
ఎలక్ట్రిక్ సైకిళ్ల మరమ్మతు పనివాళ్లం,
హైదరాబాద్