స్కూళ్లు తెరిచారు సరే, పోయిన చదువు సంగతేంటి?

సంపాదకుడు గారికి నమస్కారం,

కరోనా టైంలో స్కూళ్లు మూతపడ్డ సంగతి ఇప్పుడెవరూ ఎత్తట్లేదు, అదంతా అయిపోయిన కథ అన్నట్టు వదిలేశారు, కానీ ఆ పిల్లలు ఇంకా మా ముందు బెంచీల మీదే కూర్చుని ఉన్నారండి. 2020లో ఒకటో క్లాసులో ఉండాల్సిన పిల్లలకి సరిగ్గా అక్షరాలు నేర్పే టైంలో స్కూలే లేదు, తర్వాత వయసు చూసి పై క్లాసులకి పంపేశారు, ఇప్పుడు సైన్స్ చెప్తుంటే విషయం అర్థం కాక కాదు, పుస్తకంలో ఆ లైన్ చదవడమే రాక ఆగిపోతున్నారు. నేను టీచర్ని, రోజూ చూస్తున్నదే చెప్తున్నా.

2020 ఏప్రిల్ నాటికి 190కి పైగా దేశాల్లో దాదాపు 160 కోట్ల మంది విద్యార్థులకి చదువు ఆగిపోయిందని యునెస్కో లెక్క. మొదట్లో మూసినందుకు నేనెవర్నీ తప్పుపట్టను, అప్పుడా వైరస్ గురించి ఎవరికీ సరిగ్గా తెలీదు. నా బాధంతా ఆ తర్వాతి నెలల గురించే. డెన్మార్క్‌లో ఏప్రిల్‌లోనే చిన్నపిల్లల క్లాసులు మొదలుపెట్టేశారు, స్వీడన్‌లో చిన్న క్లాసులు అసలు మూయనే లేదు, ఉగాండాలో మాత్రం అందరికీ స్కూళ్లు తెరవడానికి 2022 జనవరి దాకా పట్టింది. చాలా చోట్ల మాల్స్, బార్లు తెరిచాక కూడా స్కూల్ గేట్లకి తాళాలు అలాగే ఉన్నాయి, పిల్లల తరఫున గట్టిగా అడిగినవాళ్లు లేరు మరి.

ఆన్‌లైన్ క్లాసులున్నాయి కదా అంటారు. 3 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో మూడింట రెండు వంతుల మందికి, అంటే 130 కోట్ల మందికి ఇంట్లో ఇంటర్నెట్టే లేదని యునిసెఫ్ 2020 చివర్లో చెప్పింది. ఇక ఉన్నచోటైనా ఒక్క ఫోన్, ఇద్దరు పిల్లలు, ఆ ఫోన్ పట్టుకుని నాన్న పనికెళ్తే క్లాస్ లేనట్టే. నెదర్లాండ్స్‌లో మూసింది 8 వారాలే, ఇంటింటికీ ఇంటర్నెట్ ఉన్న దేశం, అక్కడ కూడా ఆ రోజుల్లో ఇంట్లో కూర్చుని పిల్లలు కొత్తగా నేర్చుకుంది దాదాపు ఏమీ లేదని పరీక్షల్లో తేలింది, అమ్మానాన్నలు పెద్దగా చదువుకోని ఇళ్లలో నష్టం ఇంకా ఎక్కువ.

చదువొక్కటే కాదండి. స్కూల్లో పెట్టే భోజనం ఆగిపోయింది, ప్రపంచం మొత్తమ్మీద 37 కోట్ల మంది పిల్లలకి అది అందలేదు. ఇంట్లో కొట్టేవాళ్లుంటే ఆ పిల్లాడి ఒంటి మీద దెబ్బ చూసి ఏమైందిరా అని అడిగే టీచర్ కూడా లేకుండా పోయింది. తల్లుల సంగతైతే చెప్పక్కర్లేదు, వంట, పని, పిల్లల హోంవర్కు అన్నీ ఒకరి నెత్తినే పడ్డాయి, కొంతమంది ఉద్యోగాలే మానుకున్నారు, మళ్లీ చేరలేకపోయారు. ఇంట్లో అందరూ ఒకరి మీద ఒకరు అరుచుకుంటుంటే ఆ మధ్యలో ఉన్న పిల్లలు ఎంత బెదిరిపోయారో ఎవరూ అడగలేదు. తిరిగి స్కూలుకొచ్చిన కొత్తలో కొంతమంది పక్కవాడితో మాట్లాడ్డానికే భయపడేవాళ్లు, నోరు విప్పమంటే ఏడ్చేవాళ్లు.

తెరిచాక ఏం చేశాం? సిలబస్ వెంట పరిగెత్తాం. కూడికలు రానివాడికి భిన్నాలు చెప్పాం. నేను అడిగేది పెద్దదేం కాదు, ప్రతి పిల్లాడికి చదవడం, లెక్క చేయడం ఎంతవరకు వచ్చో కూర్చోబెట్టి చూడాలి, రోజూ ఓ గంట క్లాసు నంబర్ పక్కన పెట్టి వచ్చినంత దగ్గర్నుంచి నేర్పాలి, ఆ గంట కోసం సిలబస్‌లో కొంత తీసేసినా నష్టం లేదు. హైస్కూల్ పిల్లలకి కూడా ఇది చేయాలి, వాళ్లకి ఇక మిగిలింది కొద్ది ఏళ్లే. అలాగే మళ్లీ ఇలాంటి పరిస్థితి వస్తే అన్నిటికంటే చివర మూసేది, అన్నిటికంటే ముందు తెరిచేది స్కూలే అని ఇప్పుడే రూల్ రాసి పెట్టాలి, ఆ కంగారులో ఎవరూ ఆలోచించరు.

మీరు విద్యాశాఖ వాళ్లని ఒక్క ప్రశ్న అడగండి సార్: స్కూళ్లు మూసినప్పుడు ఒకటి, రెండు క్లాసుల్లో ఉన్న పిల్లల్లో ఇప్పటికీ చదవడం రానివాళ్లెంతమంది, ఎవరైనా లెక్క తీశారా? వాళ్లేం చెప్పినా అది పేపర్లో వేయండి.

ఇట్లు,
ఒక టీచర్