వార్షిక నివేదిక: మేనల్లుడితో ఒక ఏడాది

మన ఫిల్మ్ క్లబ్ సభ్యులందరికీ నమస్కారం.

నిరుటి సర్వసభ్య సమావేశంలో ‘ఈ ఏడాదంతా ఒకే నటుడు’ అని తీర్మానం చేసుకున్నప్పుడు సహజంగానే మూకీ హాస్యనటులు చాప్లిన్, కీటన్ పేర్లు ముందుకొచ్చాయి. చేతులెత్తించి లెక్కపెడితే గెలిచింది మాత్రం అల్ సెయింట్ జాన్. ఆ పేరు ప్రతిపాదించింది నేనే కాబట్టి తర్వాత ఫోన్లన్నీ నాకే వచ్చాయి. ‘ఎవరండీ ఈయన, పాస్టరుగారా?’ అని ఒకరు అడిగారు. ఇంకొకరు చందా ఈ ఏడాదికి ఆపుతానన్నారు. ఆయన తర్వాత కట్టేశారు, ఒక్క ప్రదర్శన కూడా మానలేదు. అందుకని పేరు రాయడం లేదు.

పాస్టరు కాదు. 1892లో కాలిఫోర్నియాలోని శాంటా ఆనాలో పుట్టిన హాస్యనటుడు. వాళ్లమ్మ తమ్ముడే రోస్కో ఆర్బకిల్. జనం ‘ఫ్యాటీ’ అని పిలుచుకున్న భారీకాయుడు, మూకీల రోజుల్లో చాప్లిన్ తర్వాత అంతటి పేరున్న హాస్యనటుడు. అంటే ఫ్యాటీ మనవాడికి సొంత మేనమామ. ఇద్దరికీ వయసులో తేడా అయిదేళ్లే. ఈ ఒక్క ముక్క చెప్పగానే మనవాళ్లకి సగం కథ అర్థమైపోయింది. మేనమామ పరిశ్రమలో ఉంటే మేనల్లుడికి వేషం దొరకడం, దొరికాక జీవితాంతం ‘ఫలానా ఆయన మేనల్లుడు’ అనిపించుకోవడం తెలుగు సినిమా చూసేవాళ్లకి ఒకరు వివరించాలా?

అయితే కుర్రాడి దగ్గర విద్య ఉంది. సైకిలు మీద సర్కస్ చేసేవాడు. మనిషి బక్కపలచన, ఒంట్లో ఎముకలు ఉన్నాయా అన్నట్టు వంగుతాడు. 1912లో మాక్ సెనెట్ మొదలుపెట్టిన కీస్టోన్ కంపెనీలోకి మేనమామ వెనకే చేరాడు. అక్కడి నుంచి 1952 దాకా, దాదాపు నలభై ఏళ్లు, తెర మీద కింద పడుతూనే ఉన్నాడు.

మొదటి ప్రదర్శనకి 1916 నాటి ‘ఫ్యాటీ అండ్ మేబెల్ అడ్రిఫ్ట్’ వేశాం. కొత్త దంపతుల సముద్రపు ఒడ్డు ఇంటిని రాత్రికి రాత్రి నీళ్లలోకి తోయించే అసూయపరుడు మన జాన్. పొద్దున్న లేచేసరికి మంచాలు నీళ్లలో తేలుతుంటాయి. చివరికి ఆదుకునేది కుక్క ల్యూక్. ఆ కుక్క ఆర్బకిల్ సొంత కుక్కే. సినిమా అయ్యాక బయట టీ తాగుతూ అందరూ కుక్క గురించే మాట్లాడారు, జాన్ గురించి ఎవరూ ఎత్తలేదు. ఏడాది ఇలాగే గడిచేలా ఉందే అని నాకు కాస్త టెన్షన్ పట్టుకుంది.

ఆ రోజు ఇంకో సమస్య కూడా వచ్చింది. మనుషులు చీమల్లా పరుగెడుతున్నారు. మూకీ కెమెరాని చేత్తో తిప్పేవారు, సెకనుకి సుమారు 16 నుంచి 20 ఫ్రేములు. మనకి దొరికిన కాపీ 24 ఫ్రేముల లెక్కన పరుగెడుతోంది. మన కుర్ర సభ్యుడొకరు లాప్‌టాప్‌లో స్పీడు 0.75కి తగ్గించారు. వెంటనే వెనక వరసలోంచి ‘ఇప్పుడు ఏడుపుగొట్టు సినిమాలా ఉంది’ అని అరుపు. నిజమే. హాస్యం తీసేవాళ్లు కావాలనే కెమెరాని కాస్త నెమ్మదిగా తిప్పించేవారు, తెర మీద వేగం పెరగడం కోసం. అందుకని వాళ్ల సినిమాలని అచ్చంగా మామూలు నడకకి దించితే జోకు చచ్చిపోతుంది. 0.85 దగ్గర రాజీ కుదిరింది. ఏడాదంతా అదే నడిచింది. మీలో కొందరికి ఇప్పటికీ అభ్యంతరం ఉందని తెలుసు, సమావేశంలో మాట్లాడదాం.

సంగీతం గురించి కూడా ఒక మాట. మన దేశపు చట్టం ప్రకారం సినిమా మీద కాపీరైట్ విడుదలైన తర్వాతి ఏడాది నుంచి 60 ఏళ్లు. కాబట్టి ఈయన సినిమాలన్నీ మనం నిశ్చింతగా వేసుకోవచ్చు. కానీ బాగుచేసిన ప్రింట్లకి ఈమధ్య కూర్చిన సంగీతం వేరే సొత్తు. అందుకే సౌండు పూర్తిగా ఆపేసి, మన సభ్యులే హార్మోనియం, తబలా పట్టారు. ఇంగ్లిష్ టైటిల్ కార్డులని రిటైరైన మాస్టారొకరు తెర పక్కన నిలబడి తెలుగులో చదివారు. మూకీల కాలంలో మన దేశంలోని హాళ్లలో కూడా ఇలా ఒకరు చదివి చెప్పేవారు. మాస్టారు మూడో ప్రదర్శనకల్లా కార్డు మీద లేని డైలాగులు కూడా చెప్పడం మొదలుపెట్టారు. కార్యవర్గం ఆయన్ని ఆపలేదు.

ఈ ఏడాదిలో అసలు రోజు అంటే ‘ది బుచర్ బాయ్’ వేసిన రోజు. 1917లో ఆర్బకిల్ కీస్టోన్ వదిలి, నిర్మాత జోసెఫ్ షెంక్ డబ్బుతో న్యూయార్క్‌లో కోమీక్ అనే సొంత కంపెనీలో తీసిన మొదటి చిత్రం. బస్టర్ కీటన్ సినిమా కెమెరా ముందు నిలబడిన మొట్టమొదటి చిత్రం కూడా అదే. కిరాణా కొట్టులో మేనమామ మాంసం కొట్టేవాడు, మేనల్లుడు అదే కొట్టులో పని చేసే పోటీదారు, ఇద్దరి కన్నూ ఒకే అమ్మాయి మీద. పిండి సంచులు విసురుకుంటారు. రెండో సగంలో ఆ అమ్మాయి చదివే ఆడపిల్లల బడిలోకి ఫ్యాటీ గౌను వేసుకుని దూరతాడు, కాసేపటికి జాన్ కూడా గౌనులోనే దిగుతాడు. ఒకరు బస్తా, ఒకరు వాసం.

అందులో ఒక చోట ఆపి మళ్లీ వేయించాను. కీటన్ టోపీలో బెల్లంపాకం లాంటి మొలాసిస్ అంటుకుంటుంది. ఫ్యాటీ ఆ టోపీని లాగుతాడు, కీటన్ మొహంలో ఏ కదలికా ఉండదు. తర్వాత పిండి యుద్ధంలో జాన్‌ని చూడండి అన్నాను. కళ్లు పెద్దవి చేస్తాడు, నోరు తెరుస్తాడు, కాళ్లూ చేతులూ నాలుగు దిక్కులా విసురుతాడు. ఒకే సినిమాలో పక్కపక్కన చూస్తే దాచడానికి ఏమీ లేదు: కీటన్ ముందు జాన్ తేలిపోయాడు. ఆయన అభిమానిగా ఈ మాట రాయడం నాకు కష్టంగానే ఉంది. కానీ ముందు వరసలో కూర్చున్న ఒక పెద్దావిడ, మన సభ్యుడి నాయనమ్మగారు, కీటన్‌కి నవ్వలేదు. జాన్ పడ్డ ప్రతిసారీ నవ్వారు. ‘వాడికి దెబ్బ తగిలినట్టు తెలుస్తోంది రా’ అన్నారట మనవడితో. అప్పటినుంచి నేను ఆ సినిమాని వేరేగా చూస్తున్నాను.

‘అవుట్ వెస్ట్’ (1918) కూడా వేశాం. ఇందులో జాన్ వైల్డ్ బిల్ హికప్ అనే రౌడీ. నెత్తిన సీసాలు పగలగొట్టినా, తుపాకీ పేల్చినా చలించడు. చక్కిలిగిలి పెడితే మాత్రం కుప్పకూలిపోతాడు. పిల్లలు ఆ సీను మూడుసార్లు వేయించుకున్నారు. అదే సినిమాలో ఒక నల్లజాతి మనిషి కాళ్ల దగ్గర తుపాకులు పేల్చి గంతులేయిస్తూ నవ్వే సీను ఉంది. ముందే చెప్పి వేశాం. హార్మోనియం దానంతటదే ఆగిపోయింది, ఎవరూ ఆపమనలేదు.

ఆగస్టులో సినిమా లేకుండా చర్చ మాత్రమే పెట్టాం. 1921 సెప్టెంబరులో శాన్ ఫ్రాన్సిస్కో హోటల్లో ఆర్బకిల్ ఇచ్చిన పార్టీ, తర్వాత కొద్దిరోజులకి నటి వర్జీనియా రాపే మరణం, ఆయన మీద కేసు. మొదటి రెండు విచారణల్లో జ్యూరీ ఒక మాట మీదకి రాలేదు. 1922 ఏప్రిల్‌లో మూడో జ్యూరీ నిర్దోషి అంది, క్షమాపణ కూడా చెప్పింది. వారం తిరక్కుండానే సినిమాల్లో కనిపించకూడదని నిషేధం వేశారు. డిసెంబరులో ఎత్తేసినా ఆయన మొహాన్ని తెర మీద పెట్టే ధైర్యం ఎవరికీ లేకపోయింది. మేనమామకి జరిగిన అన్యాయం గురించి ఒక గంట మాట్లాడుకున్నాం. అప్పుడు ఒక సభ్యురాలు లేచి, చనిపోయిన అమ్మాయి గురించి ఇంతసేపట్లో ఎవరైనా రెండు వాక్యాలు చెప్పారా అని అడిగారు. చెప్పలేదు. నివేదికలో ఇది నమోదు చేయమని ఆమె కోరారు, చేస్తున్నాను.

ఆర్బకిల్ తండ్రి పేరు విలియం గుడ్‌రిచ్. ఆ పేరునే తన మారుపేరుగా పెట్టుకుని దర్శకత్వం చేసి బతికాడు. 1925లో అలా తీసినదే ‘ది ఐరన్ మ్యూల్’, హీరో మేనల్లుడు. కీటన్ ‘అవర్ హాస్పిటాలిటీ’ కోసం కట్టించిన పాతకాలపు రైలునే ఇందులో వాడుకున్నారు. ఒకరు పేరు దాచుకున్నాడు, ఒకరు రైలు ఇచ్చాడు, ఒకరు వేషం వేశాడు. ఈ సినిమాకి మనం మాట్లాడుకున్న ఫంక్షన్ హాలువాళ్లు అదే సాయంత్రం ఎవరిదో నిశ్చితార్థానికి కూడా ఒప్పేసుకున్నారు. కుర్చీలు అప్పటికే పూలతో అలంకరించేశారు. చేసేదేముంది, ఒక సభ్యుడి అపార్ట్‌మెంట్ డాబా మీద తెల్ల పంచె కట్టి వేశాం. గాలికి పంచె ఊగినప్పుడల్లా రైలు నిజంగానే పట్టాలు తప్పుతున్నట్టు ఉంది. హాలువాళ్లు అడ్వాన్సు సగమే తిరిగిచ్చారు.

టాకీలు వచ్చాక చాలామంది మూకీ హాస్యగాళ్ల పని అయిపోయింది. 1933లో ఆర్బకిల్ మళ్లీ సొంత పేరుతో లఘుచిత్రాలు చేసినప్పుడు ‘బజ్జిన్ అరౌండ్’లో మేనల్లుడు కూడా ఉన్నాడు. ఆ ఏడాది జూన్‌లోనే మేనమామ పోయాడు. జాన్‌కి అప్పటికి నలభై. ఆయన చేసిన తెలివైన పని గడ్డం పెంచడం. చిన్న బడ్జెట్ కౌబాయ్ సినిమాల్లో హీరో పక్కన ఉండే గడ్డం ముసలాడి వేషాల్లోకి దిగాడు. 1930ల చివర్లో ఫ్రెడ్ స్కాట్ పాటల కౌబాయ్ సినిమాలు చేశాడు. వాటిలో కొన్నిటికి నిర్మాత లారెల్ హార్డీ జంటలోని స్టాన్ లారెల్. అక్కడే ‘ఫజ్జీ’ పేరు అంటుకుంది. నిజానికి ఆ వేషం ఫజ్జీ నైట్ అనే మరో నటుడి కోసం రాసిందంటారు.

1940 నుంచి పీఆర్‌సీ అనే కంపెనీ. ఇలాంటి చిన్న కంపెనీలని హాలీవుడ్‌లో పావర్టీ రో అనేవారు, అంటే పేదల వీధి. వారం రోజుల్లో ఒక సినిమా చుట్టేసేవారు. దర్శకుడు శామ్ న్యూఫీల్డ్ ఎన్ని తీసేవాడంటే, ఒకే పేరు అన్నిసార్లు కనిపిస్తే బాగోదని మరో రెండు పేర్లు పెట్టుకున్నాడు. హీరోలు మారుతుంటారు: బాబ్ స్టీల్, జార్జ్ హ్యూస్టన్, 1932 ఒలింపిక్స్‌లో ఈతలో స్వర్ణం గెలిచిన బస్టర్ క్రాబ్, ఆఖరున కొరడా పట్టిన లాష్ లరూ. గుట్టలు అవే, సెలూన్ అదే. పక్కన ఫజ్జీ క్యూ. జోన్స్ అనే గడ్డం ముసలాడు కూడా అతనే, మన జాన్.

మనం ఇలాంటివి ఆరు చూశాం. గొప్ప సినిమాలని నేను అనను. రెండిటి మధ్యలో నేనే బయటికెళ్లి పల్లీలు కొనుక్కున్నాను. కానీ మనిషి మారాడు. 1917లో ఒళ్లంతా విసిరినవాడు ఇప్పుడు గుర్రం ఎక్కే ముందు ఒక్క క్షణం ఆగుతాడు. ఆ ఆగడంలోనే మనకి తెలిసిపోతుంది, అవతలివైపు జారిపోతాడని. వయసు, గడ్డం, గొంతు కలిసి ఆయనకి ఒక స్వభావం ఇచ్చాయి: కొంచెం పిరికి, కొంచెం గొప్పలు, దోస్తు కోసం మాత్రం దూకుతాడు. సభ్యుల్లో ఒకరు ‘మన అంజిగాడు’ అన్నారు. ‘పాతాళభైరవి’లో తోటరాముడి పక్కన పాతతరం హాస్యనటుడు వల్లూరి బాలకృష్ణ వేసిన అంజి. బాలకృష్ణగారిని జనం ఆ పేరుతోనే పిలిచారు, ఈయన్ని ఫజ్జీ అన్నట్టే. జర్మనీలో అయితే ఈ సినిమాలని ఫజ్జీ పేరుతోనే అమ్మారు. అక్కడి పోస్టరు మీద హీరో పేరు వెతుక్కోవాలి.

1952లో లాష్ లరూతో చివరి సినిమాలు. తర్వాత ఊరూరా తిరిగే ప్రదర్శనల్లో ఫజ్జీగానే కనిపించాడు. 1963 జనవరి 21న, అలా ఒక బృందంతో తిరుగుతుండగానే జార్జియా రాష్ట్రంలోని లయన్స్‌లో పోయాడు. డెబ్భై ఏళ్లు. ఆ తేదీన మనం ఫజ్జీ సినిమా ఒకటి వేసి, మళ్లీ ‘బుచర్ బాయ్’ వేశాం. ఈసారి టీ దగ్గర కుక్క ప్రస్తావన రాలేదు.

జమాఖర్చుల పత్రం విడిగా జతచేశాం. హాలు అద్దె, కుర్చీలు, స్పీకరు మరమ్మతు తప్ప పెద్ద ఖర్చుల్లేవు. హార్మోనియం, తబలా వాయించినవాళ్లు రిక్షా డబ్బులు కూడా తీసుకోలేదు. మాస్టారికి శాలువా కప్పాం, దాని బిల్లు పోయింది, కార్యదర్శి జేబులోంచి సర్దుబాటు చేశారు.

వచ్చే ఏడాదికి రెండు ప్రతిపాదనలు వచ్చాయి, కీటన్ ఒకటి, మన హాస్యనటుల్లో పక్క వేషాలవాళ్లు ఇంకొకటి. సమావేశంలో చేతులెత్తుదాం.

చివరగా, డాబా మీద ప్రదర్శన రోజు ప్రొజెక్టరు హెచ్‌డీఎంఐ కేబులు, ఆ తెల్ల పంచె ఎవరింటికో వెళ్లాయి. పంచె ఉంచేసుకోండి. కేబులు మాత్రం దయచేసి తెచ్చివ్వండి.

ఇట్లు,
కార్యదర్శి