పంటకోత లెక్క ఊరికి చూపించండి

సంపాదకుడు గారికి నమస్కారం.

జూన్ 29 గణాంక శాస్త్రవేత్త ప్రశాంత చంద్ర మహలనోబిస్ పుట్టినరోజు. జాతీయ గణాంక దినోత్సవం పేరుతో ఆఫీసుల్లో ఆయన ఫొటోకి దండ వేస్తారు, రెండో పంచవర్ష ప్రణాళిక గురించి నాలుగు మాటలు చెబుతారు. గణాంక శాఖలో పనిచేసి రిటైరైన నాకు మాత్రం ఆయన పొలాల్లో చేయించిన పనే గొప్పగా కనిపిస్తుంది.

ఆయన 1931లో కలకత్తాలో భారత గణాంక సంస్థను స్థాపించారు. గణాంక శాస్త్రవేత్త, మన సి.ఆర్. రావు గారు ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కలు చదివి 1941లో చేరింది అక్కడే. 1943 బెంగాల్ కరువు తర్వాత ఆ సంస్థ మనుషులు ఊరూరా తిరిగి, ఏ కుటుంబం పొలం అమ్ముకుంది, ఎవరికి ఎద్దులు పోయాయి అని ఇంటింటా రాసుకొచ్చారు. జనపనార, వరి సర్వేల్లోనూ అంతే పట్టుదల. ఒకే ప్రాంతంలో రెండు శాంపిళ్లు విడివిడిగా తీసి, వేర్వేరు బృందాలకు అప్పగించేవారు. రెండు లెక్కల మధ్య ఎంత తేడా వచ్చిందో చూస్తే పని ఎంత నమ్మదగ్గదో తేలిపోయేది.

పంటల బీమాలో ఆ జాగ్రత్త ఇప్పుడు మరీ అవసరం. పరిహారం లెక్కకు దిగుబడి ఎంతో తేల్చడానికి కొన్ని పొలాల్లో చిన్న ముక్క కోసి తూస్తారు; అదే పంటకోత లెక్క. వరికి ఐదు మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పున మేకులు దిగ్గొట్టి, తాడు కట్టి కోస్తారు. తాడు మీద పడిన దుబ్బు లోపలిదా, బయటిదా? అన్నీ లోపల కలిపేసుకుంటే దిగుబడి ఉన్నదానికన్నా ఎక్కువ కనిపిస్తుంది. కోసే ముక్క చిన్నదైతే ఈ తప్పు ఇంకా పెరుగుతుందని మహలనోబిస్ కాలంలోనే తేలింది. దిగుబడి ఎక్కువని రాస్తే నష్టపోయిన రైతుకు పరిహారం తగ్గుతుంది, ఒక్కోసారి అసలే రాదు. అదీ ఆ ఒక్కడికే కాదు, అదే దిగుబడి లెక్క వర్తించే ప్రాంతంలో (బీమా యూనిట్లో) ఉన్న రైతులందరికీ.

ఇప్పుడు యాప్‌లో ఫొటోలు, జీపీఎస్ ఎక్కిస్తున్నారు. మంచిదే. కానీ ఆ వివరాలు రైతు కంటపడాలి కదా! కోతకు ముందురోజు ఊళ్లో చాటింపు వేయించండి. సర్వే నంబరు, కోసిన తేదీ, తడి బరువు, ఆరిన తర్వాత బరువు రాసిన కాగితం రైతు సేవా కేంద్రం గోడకు అంటించండి. మండలానికి ఒకట్రెండు ఊళ్లలోనైనా రెండో బృందంతో విడిగా కోయించి, తేడా ఎంతో ప్రకటించండి. సిబ్బంది తక్కువన్న మాట నిజమే, అది నాకూ తెలుసు. అయినా ఒకట్రెండు ఊళ్లకు మనుషులు దొరక్కపోరు.

ఈ ఖరీఫ్ కోతలు మొదలయ్యేలోపే వ్యవసాయ, గణాంక శాఖలు కలిసి ఉత్తర్వులు ఇవ్వాలని కోరుతున్నాను.

— ఒక విశ్రాంత గణాంక ఉద్యోగి, తెనాలి