ఆ పిల్లలకు ఎవరూ డైలాగులు రాసివ్వలేదు

సంపాదకులకు,

మీ ఆదివారం అనుబంధంలో బ్రిటిష్ టీవీ హాస్య ధారావాహిక 'అవుట్‌నంబర్డ్' మీద వ్యాసం వచ్చి చాలా రోజులైంది. తెలిసినవారు ఎవరైనా జవాబు రాస్తారని ఎదురుచూశాను. జవాబుకు బదులు మెచ్చుకోళ్లు వచ్చాయి. పాశ్చాత్యుల పెంపకం ఇంతేనట, పిల్లలకు పెద్దంతరం చిన్నంతరం ఉండదట! ఇంగ్లండులో మా అమ్మాయి దగ్గర ఉన్న నెలల్లో నేను ఈ ధారావాహికను మొదటి నుంచి చివరి దాకా చూశాను. మీ వ్యాసకర్త మాత్రం ఫోనుల్లో తిరిగే ముక్కలు చూసి కలం పట్టినట్టున్నారు.

లేకపోతే 'పెద్దలను ఎదిరించే డైలాగులను పిల్లల చేత బట్టీ పట్టించారు' అని ఎలా రాస్తారు? ఆ ధారావాహిక ప్రత్యేకత అంతా పిల్లలకు స్క్రిప్టు ఇవ్వకపోవడంలోనే ఉంది. రాసి తీసిన ఆండీ హామిల్టన్, గై జెంకిన్ సన్నివేశం ఏమిటో పిల్లలకు చెప్పి, ఒకటి రెండు ఊహలు అందించి వదిలేసేవారు. రాసిన మాటలు ఉన్నది తల్లిదండ్రులుగా నటించిన క్లేర్ స్కిన్నర్, హ్యూ డెనిస్‌లకు. పిల్లలు ఎటు లాగితే అటు వెళ్లడం వారి పని. ఆ పెద్దల ముఖాల్లో కనిపించే తికమకలో చాలా భాగం నటన కాదు. వెనక నుంచి నవ్వుల టేపు కూడా మోగదు. ఎక్కడ నవ్వాలో మనమే తేల్చుకోవాలి. బహుశా మీ వ్యాసకర్తకు ఎదురైన ఇబ్బంది అదే కావచ్చు.

కథ అందరికీ తెలిసిందే. లండన్‌లో ఒక మధ్యతరగతి ఇల్లు, బడిలో చరిత్ర చెప్పే తండ్రి పీట్, ఉద్యోగమూ ఇల్లూ రెండూ మోస్తున్న తల్లి సూ, పదకొండు, ఏడు, అయిదేళ్ల పిల్లలు జేక్, బెన్, కరెన్. నోరు తెరిస్తే కోతలు కోసే బెన్‌గా డేనియల్ రోష్, ప్రశ్నలతో ప్రాణం తీసే కరెన్‌గా రమోనా మార్కెజ్ చేశారు. చచ్చిన ఎలుకకు కరెన్ అంత్యక్రియలు జరిపే దృశ్యం ఒకటి ఉంది. చర్చిలో విన్న చావు ప్రార్థన, పెళ్లి ప్రమాణాలు, ఒక సినిమా దీవెన, ఒక సౌందర్య సాధనాల ప్రకటన, అన్నీ కలిపి ఆ పిల్ల ఎంతో గంభీరంగా చదివేస్తుంది. మీ వ్యాసకర్తకు అందులో దైవదూషణ కనిపించింది. ముప్పై ఏళ్లు చరిత్ర పాఠాలు చెప్పినవాడిని, పిల్లల జవాబు పత్రాల్లో అశోకుడినీ అక్బరునూ ఒకే యుద్ధంలో చూసినవాడిని, నాకు మాత్రం అందులో పసిపిల్ల బుర్ర కనిపించింది.

వ్యాసం పూర్తిగా వదిలేసింది తాతను. సూ తండ్రి ఫ్రాంక్‌కు మతిమరుపు జబ్బు ముదురుతుంటుంది. ఆయనను ఎవరు చూసుకోవాలి, ఎక్కడ ఉంచాలి, ఎన్నో ఏళ్లు అమెరికాలో గడిపి వచ్చిన సూ సోదరి ఏంజెలా సలహాలు చెప్పడమేనా, చేయి కూడా వేస్తుందా? అక్కచెల్లెళ్ల మధ్య ఈ మాటలు వింటూ నేను నవ్వలేకపోయాను. ఇలాంటి తగవు మన ఊళ్లో ఏ వీధిలో లేదు? డేవిడ్ రయల్ ఆ తాత పాత్రను ఎక్కడా జాలి అడుక్కోకుండా చేశారు. ఆయన 2014 డిసెంబరులో కన్నుమూశారు. 'అక్కడ కుటుంబ బంధాలే లేవు' అని తీర్మానించేవారు ఈ భాగాలు చూసి ఉంటే ఆ వాక్యం రాయడానికి చేయి ఆడేది కాదు.

అక్కడి ప్రేక్షకులంతా దీన్ని నెత్తిన పెట్టుకున్నారని నేను అనడం లేదు. ఆ పిల్లలకు రెండు తగిలిస్తే సరిపోతుందనే పెద్దమనుషులు ఇంగ్లండులోనూ ఉన్నారు, మా అమ్మాయి పక్కింటావిడతో సహా. పిల్లలు పెరిగి గొంతులు మారాక పస తగ్గిందన్నవారితో నేనూ ఏకీభవిస్తాను. 2014లో అయిదో విడతతో ఆపడం మంచిదే అయింది. 2024 క్రిస్మస్ మర్నాడు వచ్చిన ప్రత్యేక భాగాన్ని చూసి కొందరు మురిశారు, కొందరు పెదవి విరిచారు. బీబీసీ పెద్దల తెలివి కూడా తక్కువేమీ కాదు. 2007 ఆగస్టులో మొదలైన తొలి విడతను బాగా పొద్దుపోయాక, వారానికి మూడు రాత్రుల చొప్పున రెండు వారాల్లో చుట్టబెట్టేశారు. చేతిలో ఏముందో వారికే తెలియలేదు.

సంస్కృతి గురించి అంత బెంగ ఉన్న మీ వ్యాసకర్త మన టీవీ వైపు ఒకసారి తిరిగి చూడాలి. ఆరేళ్ల పిల్ల పెద్దవాళ్ల పాటకు పెద్దవాళ్ల అభినయం చేస్తుంటే న్యాయనిర్ణేతలు లేచి చప్పట్లు కొడతారు, తల్లి కళ్లు తుడుచుకుంటుంది, మధ్యలో ప్రకటనలు. పిల్లాడి నోట పెట్టే ప్రాసల్లో ఒక్క మాట కూడా ఆ వయసువాడిది కాదు. పిల్లలను అసభ్యంగా, వయసుకు తగని రీతిలో చూపవద్దని కేంద్ర సమాచార ప్రసార శాఖ 2019 జూన్‌లో చానళ్లకు సలహా పంపింది. సలహా కదా, విన్నవారు విన్నారు!

సలహాలే కాదు, నిబంధనలూ ఉన్నాయి. బాలకార్మిక నిరోధక చట్టం కింద 2017లో సవరించిన నియమాల ప్రకారం బాల కళాకారుడి చేత రోజుకు అయిదు గంటలకు మించి పని చేయించకూడదు, విశ్రాంతి లేకుండా మూడు గంటలు దాటకూడదు. జిల్లా మేజిస్ట్రేటు అనుమతి తీసుకోవాలి. సంపాదనలో కనీసం 20 శాతం పిల్లల పేరిట జాతీయం చేసిన బ్యాంకులో డిపాజిట్ చేయాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఏ జిల్లాలో ఎన్ని అనుమతులు ఇచ్చారు? ఎన్ని సెట్ల మీదికి అధికారి వెళ్లి గడియారం చూశాడు? పింఛను కాగితంలో ఒక అక్షరం తేడా వస్తే నన్ను మూడు బల్లల చుట్టూ తిప్పగల యంత్రాంగానికి ఈ లెక్క అడిగినవారు లేరు. ఇంగ్లండులోనూ పిల్లలు నటించాలంటే స్థానిక కౌన్సిల్ లైసెన్సు కావాలి, గంటల పరిమితి ఉంటుంది, వెంట బాధ్యులైన పెద్దలు ఉండాలి. మీ విలేకరులు ఈ లెక్క అడిగి వేస్తే అనుబంధంలో ఒక పేజీ సార్థకమయ్యేది.

ఇంకొక్క మాట. ఈ రచయితలిద్దరే అంతకుముందు 1990లో, యజమాని ఒత్తిడికి విలువలు వదులుకునే ఒక వార్తా సంస్థ మీద హాస్య ధారావాహిక తీశారు. దాని పేరు 'డ్రాప్ ద డెడ్ డాంకీ'. మీ కార్యాలయంలో అందరూ కలిసి చూడదగినది.

ఈ లేఖ పొడవైందని నాకు తెలుసు. కత్తిరించక తప్పకపోతే నా పింఛను గొడవ తీసేయండి, తాత సంగతీ నియమాల సంగతీ ఉంచండి. స్క్రిప్టు గురించి రాసిన తప్పుకు సవరణ కూడా, చివరి పేజీ మూలన చిన్న అక్షరాల్లో కాకుండా, వ్యాసం వచ్చిన చోటే వేయండి.

- విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయుడు, తెనాలి