విస్తరణలో అద్దె కొట్లనూ లెక్కించాలి
రోడ్ల విస్తరణతో చిన్న పట్టణాల కూడళ్లలో రెండు మూడు తరాలుగా నడుస్తున్న కుటుంబ వ్యాపారాలు ఆనవాలు లేకుండా పోతున్నాయి. మా ఊరి సెంటర్‌లో కిరాణా, ఇత్తడి సామాన్లు, సైకిల్ రిపేరు, టైలర్ కొట్లు దాదాపు అన్నీ అద్దె గదులే. స్థలం పోయిన యజమానికి పరిహారమో, అదనంగా కట్టుకునే లేదా ఆ హక్కును ఇతరులకు అమ్ముకునే వీలిచ్చే టీడీఆర్ బాండో వస్తుంది. తాత పెట్టిన కొట్టును నడుపుతున్న మనవడికి మాత్రం ఖాళీ చేయమన్న మాటే దక్కుతోంది. పంట చేతికొచ్చేదాకా రైతులకు అరువిచ్చిన ఒక కిరాణా కొట్టు మూతపడగానే దాని ఖాతా పుస్తకాలు పాత పేపర్ల బండికెక్కాయి. చుట్టుపక్కల పల్లెలు ఏ ఏడాది ఏం కొన్నాయో, ఏ ధరకు కొన్నాయో చెప్పే పుస్తకాలవి. తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. సొంత భూమి లేకపోయినా, సేకరణకు ముందు మూడేళ్లుగా అక్కడ పనిచేస్తూ ప్రధాన జీవనాధారం కోల్పోయే కుటుంబాలను కూడా 2013 భూసేకరణ చట్టం బాధిత కుటుంబాలుగానే గుర్తించింది. కాబట్టి మార్కింగ్ వేసేముందే మున్సిపాలిటీ అద్దె కొట్లను సర్వే చేసి, ఆ జాబితాను అందరికీ కనిపించేలా అంటించాలి. మున్సిపల్ కాంప్లెక్స్ గదులు కేటాయించేటప్పుడు వీరికే మొదటి అవకాశం ఇవ్వాలి. పాత బోర్డులు, ఖాతా పుస్తకాలు, ఫొటోలను ఊళ్లోని శాఖా గ్రంథాలయంలో భద్రపరచాలి.
– ఒక పాఠకుడు, గుంటూరు జిల్లా